వణుకు ఆగిన మనిషి

రెండు రోజులు కురిసిన వాన మూడో రోజు తెల్లారేసరికి సముద్రం వైపు వెళ్ళిపోయింది. ఆకాశం తోమి బోర్లించిన గిన్నెలా మిగిలింది. ఆ వెనకే గాలి వచ్చింది.

ఖతర్‌లో చలి పెడుతుందంటే ఊళ్ళో ఎవరూ నమ్మరు. దుబాయ్‌ల చలేందని గంగన్న భార్య ఫోన్‌లో నవ్వుతుంది. ఆమెకు గల్ఫంతా దుబాయే. ఎండకు మనుషులు పడిపోయే దేశమని తెలుసు, అంతవరకే. జనవరిలో వాన పడి పోయాక ఉత్తరపు గాలికి అక్కడ అడ్డం ఏమీ ఉండదు. చెట్టు ఉండదు, గుట్ట ఉండదు. ఎక్కడి నుంచో ఖాళీగా వచ్చి, మొదట తగిలేది మనిషికే.

ఆ ఉదయం బస్సులో అందరి ఫోన్లకూ కంపెనీ మెసేజ్ వచ్చింది. మూడు రోజులు గట్టి చలి, తెల్లవారుజామున ఏడు డిగ్రీలకు దిగవచ్చు, తడి బట్టలతో ఉండవద్దు. మెసేజ్ హిందీలో ఉంది. ముందు సీట్లో కూర్చున్న గజేందర్ దాన్ని తెలుగులో చెబుతున్నాడు. ఆ గొంతు వినబడకుండా గంగన్న కిటికీ అద్దానికి చెవి ఆనించాడు. అద్దం చురుక్కుమంది.

గంగన్నది జగిత్యాల దగ్గర ఊరు. యాభై ఒక్క ఏళ్ళు. ఖతర్ వచ్చి ఇరవై ఒక్క ఏళ్ళు. మోకాళ్ళు పట్టేసిన దగ్గర నుంచి అతనిది క్యూరింగ్ పని. కొత్తగా పోసిన కాంక్రీటు స్తంభానికి గోనెపట్టా చుట్టాలి. సుతిలితో కట్టాలి. తడపాలి. పైన పాలిథిన్ కప్పాలి. ఏడు రోజులు ఆరనివ్వకూడదు, ఆరితే పగులుతుంది. బాలింతను చూసుకున్నట్టు చూసుకోవాలి. స్తంభం ఎవరు పోశారని అడుగుతారు. ఎవరు తడిపారని ఎవరూ అడగరు. దానికి గంగన్న ఎప్పుడూ బాధపడలేదు, గజేందర్ ఎదిగేదాకా.

గజేందర్ అతనికి మేనల్లుడు, అక్క భూమవ్వ కొడుకు. ఎనిమిదేళ్ళ కింద అతనికి వీసా కావాలని గంగన్నే కంపెనీ వాళ్ళ వెంట తిరిగాడు. మొదటి ఏడాది అల్లుడు పై మంచం మీద పడుకుని దుప్పట్లో ఏడ్చేవాడు. కింది మంచం నుంచి గంగన్న కాలితో మంచాన్ని తట్టేవాడు, ఊరుకో అన్నట్టు. తర్వాత అల్లుడు ఏడవడం మానేశాడు. హిందీ వచ్చింది, అరబీ వచ్చింది, ప్లాన్ కాగితం చదవడం వచ్చింది. గంగన్నకు ఇరవై ఏళ్ళలో రానివన్నీ అతనికి నాలుగేళ్ళలో వచ్చాయి.

పోయిన ఎండాకాలం ఇంజనీర్ గురుప్రసాద్ గంగన్నను ఆఫీసుకు రమ్మన్నాడు. మేస్త్రీల మీద పెత్తనం చేసే చార్జ్‌హ్యాండ్ పోస్టు ఖాళీ అయిందని సైటంతా తెలుసు. గంగన్న ముఖం కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాడు. ఇంజనీర్ కుర్చీ చూపించాడు. కూర్చోబెట్టి, గజేందర్ ఎలాంటివాడని అడిగాడు. నీ మేనల్లుడే కదా, నువ్వు చెబితే సరిపోతుంది అన్నాడు.

"మంచోడు సార్" అన్నాడు గంగన్న.

ఆ మాట తన నోటితోనే అన్నాడు. అందుకే అది గొంతు దిగలేదు. మర్నాడు అల్లుడి నెత్తి మీదకు చార్జ్‌హ్యాండ్ ఆకుపచ్చ హెల్మెట్ వచ్చింది.

కన్ను కుట్టడం అంటారు గానీ, అది కంట్లో మొదలవదు. కడుపులో మొదలై కంటిలోకి వస్తుంది. ఒకసారి వచ్చాక ఇక కన్ను వేరే పని చేయదు. బస్సులో అల్లుడికి ఎవరు జాగా ఇచ్చారు, రూములో మొదటి రొట్టె ఎవరి పళ్ళెంలో పడింది, పని తనిఖీకి వచ్చే ఈజిప్టు కన్సల్టెంట్ ఎవరి భుజం తట్టాడు, అన్నీ గంగన్నకు కనబడేవి. అల్లుడు ఎడమ చెవి గోక్కుంటే అబద్ధం చెబుతున్నాడని తెలిసేది. కుడి బూటు మడమ అరిగిందని తెలిసేది. కన్నతల్లి కూడా ఆ మనిషిని అంతలా చూసి ఉండదు. నాలుగు నెలలుగా ఇద్దరి మధ్యా మాటలు లేవు. పని ఉంటే గజేందర్ వేరేవాళ్ళతో చెప్పించేవాడు.

సైటు అల్ వుకైర్‌లో ఇళ్ళు ఆగిపోయి ఇసుక మొదలయ్యే చోట ఉంది. రెండో బిల్డింగ్‌కు పునాది గుంత తవ్వి, అడుగున చువ్వలు కట్టి పెట్టారు. రెండు రోజుల్లో కాంక్రీటు పోయాలి. ఇప్పుడు ఆ గుంతలో నడుము లోతు నీళ్ళు. పంపు పెట్టారు. పంపు కాసేపు తాగి, దగ్గి ఆగిపోయింది. గాలికి ఎగిరి పడిన పాలిథిన్ ముక్కలు, గోనె పీచు దాని మూతికి అడ్డం పడ్డాయి. ఎవరైనా దిగి తీస్తూ ఉండాలి.

గురుప్రసాద్ కోస్తావాడు, మెత్తగా మాట్లాడతాడు. ఎవరు దిగుతారయ్యా, అరగంటకొకరు మారండి, ఒక్కరే ఉండొద్దు అని చెప్పాడు. గాలి వీస్తోంది. ఎవరూ కదల్లేదు.

పికప్ డ్రైవర్ నిసార్ అహ్మద్‌ది నిజామాబాద్. నోరు ఊరుకోదు. "గంగన్న ఉండంగ ఫికర్ ఏంది సార్? అప్పట్ల గీయిననే గుంతల రెండు దినాలు నిలవడ్డడు. మనిషి గాదు, మర్రిమొద్దు" అన్నాడు.

అందరూ నవ్వుతూ గంగన్న వైపు తిరిగారు.

ఆ కథ సైటు నుంచి సైటుకు, క్యాంప్ నుంచి క్యాంప్‌కు వచ్చింది. పన్నెండేళ్ళ కింద మెసైమీర్ దగ్గర సైటు మునిగినప్పుడు గంగన్న రెండు రోజులు గుంతలో నిలబడి నీళ్ళు తోడించాడు. అది నిజమే. అది ఏప్రిల్ వాన అని, నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయని, రాత్రిపూట పైకి వచ్చి పడుకున్నాడని ఎవరూ అడగలేదు. గంగన్న చెప్పలేదు. ఏళ్ళు గడిచిన కొద్దీ ఆ నీళ్ళు చల్లబడుతూ వచ్చాయి. అతనికి ఉన్నది ఆ ఒక్క కథ.

గంగన్న బూటు తాడు విప్పడానికి వంగాడు. మోకాలు పట్టేసింది. ఇంకో చేత్తో కట్టెను పట్టుకుని మళ్ళీ వంగేలోపు దబ్బున చప్పుడైంది. గజేందర్ నీళ్ళలో ఉన్నాడు. జాకెట్‌తోనే దూకాడు. పంపు మూతి పట్టుకుని పైకి చూసి, యల్లా, స్టార్ట్ చేయమని చెయ్యి ఊపాడు.

గంగన్న విప్పిన తాడు మళ్ళీ కట్టుకున్నాడు.

అతను చుట్టాల్సిన మొదటి బిల్డింగ్ స్తంభాలు గుంత అంచునే ఉన్నాయి. చుడుతూ చూడవచ్చు. చూశాడు. అరగంటకు నిర్మల్ నుంచి వచ్చిన నర్సింగ్ అనే మేస్త్రి నేను దిగుతానన్నాడు. గజేందర్ వద్దన్నాడు. గంటకు మరొకడు వచ్చాడు. వాణ్నీ వద్దన్నాడు. ఇంజనీర్ ఫోన్లో కన్సల్టెంట్‌కు సర్దిచెబుతూ ఆఫీసు క్యాబిన్‌లోకి వెళ్ళాడు.

గజేందర్ వణుకుతున్నాడు. పళ్ళు కొట్టుకునే చప్పుడు అంచు మీదకు వినబడింది. మోచేతులు పక్కలకు నొక్కిపెట్టి, భుజాలు ఎత్తి, తడిసిన కోడిపిల్లలా ఊగుతున్నాడు. గంగన్నకు హాయిగా అనిపించింది. అల్లుడికీ చలి పెడుతుంది. అంత మాత్రమే, పెద్ద కోరికేమీ కాదు. వణకనీ అనుకున్నాడు. వణుకుతూనే ఎక్కి రానీ. అందరూ చూస్తుండగా ఎక్కి రానీ.

పది గంటలకు చాయ్ వచ్చింది. గజేందర్ ఎక్కి రాలేదు. తాడుతో డబ్బా కట్టి చాయ్ దింపారు. వేళ్ళు ముడుచుకోక సగం ఒలికిపోయింది. అతను నవ్వాడు. నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చి, కొంచెం ఎక్కువసేపు ఉంది.

అప్పుడు గంగన్న చూశాడు. వణుకు ఆగిపోయింది.

భుజాలు దిగాయి. దవడ కదలడం లేదు. నీళ్ళలో నిలువునా, నిమ్మళంగా నిలబడి ఉన్నాడు.

"సూడుండ్రి, గజేందర్‌కు చలి మాఫీ" అన్నాడు నిసార్. మళ్ళీ నవ్వులు. నర్సింగ్ ఈల వేశాడు. గంగన్న కడుపులో భగ్గుమంది. భాషలు వాడి మాట వింటాయి, ఇంజనీర్లు వింటారు, చివరికి చలి కూడా వాడి మాట వింటుందా.

ఆ మంటలోనే ఇంకొకటి తెలిసింది. అది తలలో తెలియలేదు, అరచేతుల్లో తెలిసింది. గంగన్న పుట్టింది గొర్లు కాసే ఇంట్లో. రాళ్ళవాన కొట్టిన పొద్దున తండ్రి మందలో నడుస్తూ ఒక్కొక్క గొర్రె మీద చెయ్యి వేసేవాడు. వణికేదాన్ని వదిలేసేవాడు. కదలకుండా బుద్ధిగా నిలబడ్డదాన్ని ఎత్తి కొడుకు చేతుల్లో పెట్టేవాడు. వణికేదానికి భయం లేదురా, వణుకు ఆగినదానికి గొంగడి కప్పు, అనేవాడు. ఆ బరువు, ఆ తడి ఉన్ని, ఆ అందీ అందని గుండె చప్పుడు గంగన్న అరచేతులకు గుర్తున్నాయి.

తెలిసింది. అయినా అతను కదల్లేదు.

మనిషి గొర్రె కాదు అనుకున్నాడు. పచ్చ హెల్మెట్ వాడికి నేను చెప్పేదేంటి అనుకున్నాడు. ఇంజనీర్ ఉన్నాడు, చదువుకున్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు కనబడదా. ఒక స్తంభం చుట్టాడు. ముడి గట్టిగా వేశాడు. రెండో స్తంభం చుట్టాడు. ఎప్పుడూ రెండు ముడులు వేసేచోట నాలుగు వేశాడు. మూడోది చుట్టాడు. చేతులు చక్కగా పనిచేస్తున్నాయి. స్తంభానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ లెక్క అతనికి తెలుసు, తర్వాత ఎప్పటికీ మరవలేదు.

నాలుగో స్తంభం దగ్గర ఉండగా గుంత అంచున నవ్వులు పెద్దవయ్యాయి. గజేందర్ జాకెట్ విప్పి బురదలోకి విసిరాడు. ఉక్క పోస్తుందంటున్నాడు. మాట మందంగా, తాగినవాడి మాటలా ఉంది. పంపుతో అరబీలో ఏదో చెబుతున్నాడు. నర్సింగ్ ఫోన్ తీసి వీడియో పడుతున్నాడు. గజేందర్ చొక్కా గుండీ కోసం వెతుక్కున్నాడు. వేళ్ళకు గుండీ దొరకలేదు. అప్పుడు తల ఎత్తి సరిగ్గా గంగన్న ముఖంలోకి చూశాడు.

గుర్తుపట్టలేదు.

అందులో గెలుపు లేదు, పంతం లేదు. ఎవరో తలుపు తీసి పెట్టి వెళ్ళిపోయిన ఇల్లులా ఉందా ముఖం. ఇన్ని నెలల్లో మొదటిసారి అక్కడ ఓర్వలేకపోవడానికి ఏమీ మిగల్లేదు.

గంగన్న చేతిలో సుతిలి ఉండ జారింది. మోకాళ్ళు ఉన్నాయన్నది మరిచిపోయి నిచ్చెన దిగాడు. నీళ్ళు కత్తుల్లా కోశాయి. అల్లుడి చంకల కింద చేతులు వేసి, పైన ఉన్నవాళ్ళను పేరుపేరునా పిలిచాడు. నిసార్, నర్సింగ్ నవ్వు ముఖాలతోనే దిగారు. పట్టుకున్నాక నవ్వులు పోయాయి.

పైకి చేర్చగానే తలా ఒకటి చేయబోయారు. ఒకడు కాళ్ళు రుద్దుతానన్నాడు. ఒకడు వేడి చాయ్ తెచ్చాడు. నడిపిస్తే వేడి పుడుతుందని ఇంకొకడు చంకలో చెయ్యి వేశాడు.

"చాయ్ వద్దు. రుద్దకుర్రి. నడిపియ్యకుర్రి, పాణం పోతది" అన్నాడు గంగన్న. పరుగెత్తుకొచ్చిన ఇంజనీర్ వైపు చూడకుండానే అన్నాడు. "సార్, అంబులెన్స్ పిలువుండ్రి."

గురుప్రసాద్ మారుమాట లేకుండా ఫోన్ తీశాడు.

స్టోర్ కంటైనర్‌లో పొడి గోనెపట్టాల చుట్టలు ఉన్నాయి. వాటి మీద పడుకోబెట్టి తడి బట్టలు కోసేశారు. గంగన్న తన చొక్కా, బనీను, తడిసిన ప్యాంటు విప్పాడు. అల్లుడి వెనక పడుకుని, వీపుకు ఛాతీ ఆనించి, చేతులు ముందుకు తెచ్చి పెనవేశాడు. స్తంభానికి చుట్టినట్టు ఇద్దరినీ కలిపి చుట్టమన్నాడు. గోనె నాలుగు వరసలు, పైన పాలిథిన్, తల కూడా కప్పాలి, ముక్కు వదిలెయ్యాలి. నిసార్ చుట్టాడు. అతనికి ముడి రాలేదు. గంగన్న లోపలి నుంచి చెబుతూ వేయించాడు.

ఆ వీపు బావిలోంచి తీసిన బండలా ఉంది. గంగన్న తన వేడి అందులోకి ఇంకిపోవడం తెలుసుకుంటూ పడుకున్నాడు. నాలుగు నెలలు మాట్లాడని మనిషి మెడ అతని నోటికి బెత్తెడు దూరంలో ఉంది. బురద వాసన, సిమెంటు వాసన. గుండె చాలా ఆగి ఆగి కొట్టుకుంటోంది. కొట్టుకూ కొట్టుకూ మధ్య ఒక స్తంభం చుట్టేంత కాలం ఉన్నట్టుంది. వణుకు అల్లుడా అనుకున్నాడు. పొద్దున కూడా ఇదే అనుకున్నానని గుర్తొచ్చి కళ్ళు మూసుకున్నాడు.

చాలాసేపటికి దవడ దగ్గర ఏదో కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. అక్కడి నుంచి భుజానికి వచ్చింది, వీపుకు వచ్చింది. అంబులెన్స్ వాళ్ళు తలుపు తీసేసరికి ఆ గోనె మూట మొత్తం ఊగుతోంది. అందులో ఎవరు ఎంత వణుకుతున్నారో బయటివాళ్ళకు తెలియలేదు.

గజేందర్‌ను రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. సైటులో కథ ఒక రోజులోనే తయారైంది. గజేందర్ నాలుగు గంటలు ఐసు నీళ్ళలో నిలబడ్డాడు, జాకెట్ విప్పి పారేశాడు, పడిపోయేదాకా పంపు వదల్లేదు. నర్సింగ్ తీసిన వీడియో ఊరిదాకా వెళ్ళింది. గంగన్న భార్య ఫోన్ చేసి, దుబాయ్‌ల గజేందర్ కంపెనీ కోసం పాణం అడ్డం పెట్టిండట గదా, భూమవ్వ ఏడ్చుకుంట అందరికీ చెప్పబట్టింది, నువ్వు గూడ అక్కడ్నే ఉన్నవా అని అడిగింది. ఉన్నానన్నాడు. కడుపులో మళ్ళీ మండింది. ఇంత జరిగాక కూడా మండుతుందా అని తనను తానే వింతగా చూసుకున్నాడు.

రెండో రోజు సాయంత్రం గంగన్న నిసార్ పికప్‌లో ఆస్పత్రికి వెళ్ళాడు. నిసార్ బండి దగ్గరే ఉండిపోయాడు. గజేందర్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముఖం పీక్కుపోయింది. ఇద్దరికీ ఎక్కడ చూడాలో తెలియలేదు. చివరికి గజేందరే అడిగాడు.

"ఎవ్వలకు తెల్వంది నీకెట్ల తెలిసింది మామా?"

గంగన్న గొర్ల సంగతి చెప్పాడు. తాత సంగతి చెప్పాడు. చెప్పి ఆగాడు. అక్కడితో ఆపేయవచ్చు. అల్లుడి కళ్ళలో అప్పటికే నీళ్ళు తిరుగుతున్నాయి.

"చాయ్ యాళ్ళకే తెలిసింది" అన్నాడు. "గంటసేపు ఊకున్న."

గజేందర్ మణికట్టుకు కట్టిన ఆస్పత్రి పట్టీని తిప్పుతూ కూర్చున్నాడు. ఎందుకని అడగలేదు.

"నేను గూడ నిన్నే చూస్తున్న" అన్నాడు చివరికి. "నువ్వు మీద నిలవడి చూస్తుంటె ఎక్కబుద్ధి కాలె. ఎనిమిదేండ్ల సంది వింటున్న. ఏం జేసినా, గంగన్న అప్పట్ల గుంతల రెండు దినాలు ఉండె అంటరు. పచ్చ టోపీ పెట్టుకున్ననాడు గూడ గదే అన్నరు. నిన్నొక్కపారి దాటుదామనుకున్న మామా. గంతే."

గంగన్న మంచం చివర కూర్చున్నాడు. అప్పుడే నర్సు వచ్చి సమయం అయిందని చెప్పింది. లేచేటప్పుడు అల్లుడి పాదం తగిలింది. దుప్పటి మీదుగా దాన్ని ఒకసారి పట్టుకుని వదిలాడు. వెచ్చగా ఉంది.

మర్నాడు ఇంకా చలి తగ్గలేదు. పొద్దున బస్సు అద్దాల మీద లోపలి ఆవిరి చినుకులై కారుతోంది. గుంతలోకి అడుగు నుంచి మళ్ళీ నీళ్ళు ఊరాయి, పంపు మళ్ళీ ఆగింది. గురుప్రసాద్ ఈసారి గుంత దగ్గర నుంచి కదల్లేదు. పది నిమిషాలకు మించి ఎవరూ ఉండొద్దు, పైకి రాగానే బట్టలు మార్చుకోవాలి అన్నాడు. మొదట నర్సింగ్ దిగాడు. పది నిమిషాలయింది. ఎక్కమన్నారు. అతను వినబడనట్టే ఉన్నాడు. పదిహేనయింది. ఇంజనీర్ గొంతు పెంచాడు.

నర్సింగ్ పళ్ళు కొట్టుకుంటుండగానే నవ్వాడు. "గంగన్న రెండు దినాలు ఉన్నడు, గజేందర్ నాలుగు గంటలు ఉన్నడు. నేను పది నిమిషాలకే ఎక్కితే ఇజ్జత్ ఉంటదా సార్?"

అంచు మీద అందరూ నవ్వారు. గంగన్న నవ్వలేదు. చుడుతున్న గోనెపట్టా వదిలి గుంత దగ్గరకు వచ్చాడు.

"అది ఏప్రిల్ నెల" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. గంగన్న మళ్ళీ చెప్పాడు. అది ఏప్రిల్ నెల, అవి వెచ్చటి నీళ్ళు, తానం చేసినట్టుండె, రాత్రి పూట రూముకు పోయి పండుకున్న. ఒక్కొక్క ముక్క విడివిడిగా చెప్పాడు. చలి పెట్టలేదా అని ఎవరో అడిగారు. లేదన్నాడు. మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని నిసార్ అడిగాడు. గంగన్న నర్సింగ్‌కు నిచ్చెన చూపించాడు.

తర్వాత నిసార్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "అరే భాయ్, పన్నెండేండ్లు మనందరికి వేన్నీళ్ళ హమామ్ కథ చెప్పిండు గీయిన" అన్నాడు. నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంది. ఇంజనీర్ కూడా ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ నవ్వుల మధ్య నర్సింగ్ నిచ్చెన పట్టుకుని పైకి వచ్చాడు. బాగా వణుకుతున్నాడు. గంగన్న అతని భుజం మీద చెయ్యి వేసి చూసి, వదిలి, పొడి బట్టల వైపు తోశాడు.

మధ్యాహ్నానికి అతనికి కొత్త పేరు వచ్చింది, వేన్నీళ్ళ గంగన్న అని. సాయంత్రానికి క్యాంప్‌లో వంటవాళ్ళకూ తెలుస్తుంది. వినబడినప్పుడల్లా చెవులు వేడెక్కాయి. అల్లుడు రేపు పనిలోకి వస్తాడు. ఆ పేరు అతనూ వింటాడు. నాలుగు గంటల కథ మాత్రం అతనికి అలాగే ఉంటుంది, దాన్ని ఎవరూ తీసుకోరు. గంగన్నకు ఆ సంగతి తెలుసు. తెలిసి కడుపులో ఒక మూల ఇంకా సన్నగా మండుతూనే ఉంది.

అతను నాలుగో స్తంభం దగ్గరకు వెళ్ళాడు. ఆ రోజు సగం చుట్టి వదిలేసినది, ఆ తర్వాత మళ్ళీ ముట్టనిది. గోనె విప్పి, లోపలి కాంక్రీటు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. ఒక పక్క ఆరిపోయింది. వెంట్రుకంత పగులు పైనుంచి కిందికి జానెడు దిగింది. ఇంజనీర్‌ను పిలిచి చూపించాడు. తప్పు నాదే సార్ అన్నాడు. తర్వాత తడపడానికి నీళ్ళు తెచ్చుకున్నాడు.